బొట్టు పెట్టిన లాకు

నాయన పోయిన నాలుగో నెలలో ఖాజా మామ ఫోను చేశాడు. ఆయన దర్జీ. ప్రొద్దుటూరులో నాయన టైపింగు షాపు నడిపిన గది ఆయనదే. మధ్యలో ఒక్క గోడ. అటువైపు ఆయన కుట్టుమిషను, ఇటువైపు నాయన కంప్యూటరు. “ఖాళీ జేయమని కాదమ్మా, నువ్వట్ల అనుకోవద్దు. గోడకు చెదలు పట్టినాయి. కాగితాలు తినేస్తాండాయి. ఏమేం కావల్నో వచ్చి సూసుకో” అన్నాడు. నేనిప్పుడు పులివెందులలో ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటున్నాను. ఆదివారం పొద్దున బస్సెక్కి వచ్చాను. అమ్మ రానంది. ఆ గది తలుపు తీస్తే వచ్చే ముక్కవాసన తనకు పడదని చెప్పింది. అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు.

కాగితాలను చెదలు చాలావరకు ముగించేశాయి. పెళ్లికార్డుల నమూనాల పుస్తకం చేతిలోకి తీసుకుంటే అట్ట మాత్రమే వచ్చింది, లోపల మట్టి. మిగిలింది కంప్యూటరు, అది పెట్టిన బల్ల, బల్ల మీది అద్దం. కంప్యూటరును గోడ నుంచి ముందుకు జరుపుదామని రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి పట్టుకున్నాను. ఎడమ అరచేతికి ఏదో గుచ్చుకుంది. వంగి చూశాను. వెనకనున్న రంధ్రంలోంచి బయటికి పొడుచుకొని ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క, చిటికెనవేలంత. దాని మీద ఎండి నల్లబడిన కుంకుమ. మేము లాకు అని పిలిచే వస్తువు. తొమ్మిదేళ్ల కింద నేనే నా చేత్తో పీకేసిన వస్తువు. ఆ రోజు నుంచి దానితో ఏ పనీ లేదు. అయినా అది మళ్లీ తన చోట్లోనే ఉంది. నేను చేతులకంటిన మట్టి దులుపుకోకుండానే కింద కూర్చుండిపోయాను.

లాకు సంగతి చెప్పాలంటే ముందు నాయన చేతుల సంగతి చెప్పాలి. ఆయన పని నేర్చుకున్నది సీసం అక్షరాలతో. గళ్లు గళ్లుగా ఉండే కొయ్య పెట్టెలో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. ఏ గడిలో ఏముందో చూడకుండా, పక్కవాళ్లతో మాట్లాడుతూనే అక్షరాలు ఏరి, అద్దంలో కనబడినట్టు తిరగేసి వరుసగా పేర్చేవాడట. నాకు గుర్తున్నది ఆ పని కాదు, దాని వాసన. సాయంత్రం ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో చేతుల మీది ఇంకు తుడుచుకొని, బట్టల సబ్బుతో మూడుసార్లు కడుక్కునేవాడు. అయినా జొన్నరొట్టె తుంచి నా నోట్లో పెడితే రొట్టె కంటే ముందు కిరసనాయిలే తగిలేది. “ఆ చేత్తో పాపకు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు” అని అమ్మ కసురుకొనేది. “ఈ చేత్తో కాకపోతే ఎవురి చేత్తో పెట్టల్ల, పక్కింటాయనను పిలుస్తావా” అని ఆయన ఇంకో ముక్క తుంచేవాడు.

అన్నాలయ్యాక ప్రూఫు చదవడం మా ఇంట్లో రోజువారీ పని. మరుసటి రోజు అచ్చు వేయాల్సిన కార్డు తడి ఆరని కాగితం మీద తెచ్చి నా ముందు పెట్టేవాడు. నాకప్పుడు ఆరో ఏడో ఏళ్లు. “సూడు పాపా, తప్పులుండాయేమో” అనేవాడు. నేను వేలు పెట్టి ఒక్కో అక్షరం చదవాలి. తప్పులేమీ లేకపోతే కాగితం కుడి మూల పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టాలి. ఆ టిక్కు లేనిదే ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాడు కాదు. నిజానికి ఆయన అంతకుముందే రెండుసార్లు చూసి ఉంటాడని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. చుట్టాలొస్తే తలుపు వెనకకు పోయి నిలబడే పిల్లను నేను. బళ్లో పేరు పిలిస్తే పలకడానికి కూడా నోరు రాదు. కాని కాగితం ముందు కూర్చుంటే మాత్రం “ఈడ ఒత్తు పోయింది నాయనా” అని గట్టిగానే చెప్పేదాన్ని. నా చదువంతా పెళ్లికార్డుల మీద, పెద్దకర్మ కార్డుల మీద మొదలైంది. పుస్తకాలు తర్వాత వచ్చాయి. డైరీ ఆ తర్వాత.

నాయన పనిచేసిన అచ్చు ప్రెస్సు మూతపడినప్పుడు సీసం అక్షరాలను గోతాల్లో పోసి తూకానికి వేశారు. నాయనకు అప్పటికి నలభై దగ్గర పడుతున్నాయి. పులివెందుల నుంచి ఒకాయన వచ్చి, ఖాజా మామ గదిలో ఒక కంప్యూటరు పెట్టి, దానిలో తెలుగు టైపింగు సాఫ్టువేరు ఎక్కించి, రెండు రోజులుండి నేర్పించి పోయాడు. ఆయనను మేమందరం డీలరు అనేవాళ్లం. ఏ మీట నొక్కితే ఏ తెలుగు అక్షరం వస్తుందో నాయన ఒక తెల్లకాగితం మీద పట్టీలా రాసుకొని బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. చేతులు కుదిరేవరకు ఏదో ఒక వాక్యాన్ని వందసార్లు కొట్టమని డీలరు చెప్పాడు. నాయన వాక్యమేమీ వెతుక్కోలేదు. “ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల” అని కొట్టడం మొదలుపెట్టాడు. “యా కార్డు అయినా ఈ మూడు ఊర్లలో ఒగటి లేకుండా ఉండదుమ్మా. ఇయ్యి వస్తే సగం కార్డు వచ్చినట్టే” అన్నాడు. ఆ ఏడాదంతా ఆయన వేళ్లు ఆ మూడు ఊర్లనే కొట్టాయి. అన్నం పళ్లెం అంచు మీద, మంచం పట్టె మీద, సైకిలు హ్యాండిలు మీద. నన్ను బడికి తీసుకుపోయేటప్పుడు నా పుస్తకాల సంచి మీద కూడా. ఒకనాటికి చూడకుండా కొట్టడం వచ్చింది. ఆ తర్వాత అద్దం కింది పట్టీని ఆయన చూడగా నేను చూడలేదు.

ఆ సాఫ్టువేరు తెరుచుకోవాలంటే కంప్యూటరు వెనక ఈ లాకు గుచ్చి ఉండాలి. తీస్తే తెరమీద ఏమీ రాదు. “దీన్ని మాత్రం పోగొట్టుకోవద్దు సుబ్బన్నా. ఇది పోతే అంతా పోయినట్టే. అంతా దీంట్లోనే ఉండాది” అని డీలరు పోతూ పోతూ చెప్పాడు. నాయన ఆ మాటను అక్షరాలా నమ్మాడు. తెలుగంతా, ఒత్తులూ గుణింతాలూ సహా, ఆ చిటికెనవేలంత ముక్కలో ఉందనుకున్నాడు. ఎందుకనుకోడు? అది ఉంటే తెలుగు వస్తుంది, లేకపోతే రాదు. దసరాకు ఆయుధపూజ రోజు తెరకు, కీబోర్డుకు బొట్టు పెట్టి, చివరికి కంప్యూటరు వెనక్కి వంగి లాకుకు కూడా కుంకుమ అద్దేవాడు. “దానికి మొగమేడుంది, నువ్వు బొట్టు పెట్టేదానికి” అని అమ్మ నవ్వేది. ఒకసారి చుట్టాల పెళ్లిలో కూర్చొని, షాపుకు తాళం వేశానో లేదో, లాకు ఎవరైనా పీక్కుపోతారేమో అని తాళి కట్టకముందే లేచి వచ్చేశాడు. ఆ మాట చెప్పి ఖాజా మామ ఇప్పటికీ నవ్వుతాడు.

నేను డిగ్రీ రెండో ఏడాదికి వచ్చేసరికి ఆ కంప్యూటరు ముసలిదైపోయింది. ఫోటోలు వేయమని వచ్చేవాళ్లు తెచ్చే పెన్‌డ్రైవుల్లోంచి వైరస్సులన్నీ దానిలోకి చేరాయి. పొద్దున స్విచ్చి వేసి, పక్కవీధిలో ఉగ్గాని తిని వచ్చేసరికి కూడా తెర నీలంగానే ఉండేది. “ఏం సుబ్బన్నా, ఇంగా నిద్ర లేయలేదా నీ కోడలు” అని వచ్చినవాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. కొన్నాళ్లకు వేళాకోళం చేసేవాళ్లు కూడా రావడం తగ్గింది. రెండు వీధుల అవతల కొత్త షాపు పడింది.

ఒకరోజు కాలేజీ నుంచి షాపుకు వెళ్లేసరికి కొండాపురం దగ్గర పునరావాస కాలనీ నుంచి ఒక పెద్దాయన వచ్చి బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. భార్య పెద్దకర్మకు కార్డు కొట్టించుకోవాలి. వాళ్ల ఊరు గండికోట రిజర్వాయరులో మునిగిపోయింది. కార్డు మీద ముందు పాత ఊరి పేరు వేసి, దాని కిందనే కాలనీ పేరు వేయమన్నాడు. ఆ ఊళ్ల వాళ్లందరూ అట్లాగే అడిగేవాళ్లు, నాయన కాదనేవాడు కాదు. ఆ రోజు కంప్యూటరు నాలుగుసార్లు ఆగిపోయింది. నాలుగుసార్లూ మొదటినుంచి కొట్టాడు. నాలుగోసారి ఊరి పేరు తెరమీద పడి, చూస్తుండగానే తెర నల్లబడింది. “మా ఊరి మాదిరే ఉండాదే ఇది కూడా. కండ్ల ముందరే మునిగిపాయ” అన్నాడు పెద్దాయన. ఆయన నవ్వుతూనే అన్నాడు. నాయన నవ్వలేదు. కీబోర్డు మీద చేతులు అట్లే పెట్టుకొని, “రొంతసేపు కూచో మామా, వస్తాది” అన్నాడు. ఆ చేతులను చూసి, ఈ కంప్యూటరును నేను బాగుచేస్తాను అనుకున్నాను. నాయన షాపు మూతపడకుండా నేను ఏదో ఒకటి చేయాలి. ఇరవై ఏళ్లొచ్చినా ఆయనకు నేను ఇచ్చిందేమీ లేదు, కాగితం మూల టిక్కులు తప్ప.

కంప్యూటరును నడిపించే లినక్స్ అనే సిస్టంలో, పాతవాటి మీద కూడా తేలికగా నడిచే రకాలున్నాయని కాలేజీ లైబ్రరీలో ఒక పత్రికలో చదివాను. ఉచితంగా దొరుకుతుంది, వైరస్సులు తక్కువ, కొంచెం మెమరీ చాలు. దాన్ని ఇంటర్నెట్టులోంచి దింపుకొని, పెన్‌డ్రైవులో ఎక్కించి, కంప్యూటరును ఆ పెన్‌డ్రైవుతో మొదలయ్యేలా చేయాలి. చదివితే అంత సులభం. మా ఇంట్లో ఇంటర్నెట్టు లేదు. జమ్మలమడుగులో మా పెద్దమ్మ కూతురు సుభద్రక్క ఒక నెట్‌సెంటరులో పనిచేసేది. ఎవరినీ ఏదీ అడగలేని నేను అక్క దగ్గరికి మాత్రం పోగలను. అమ్మ చేసిచ్చిన నిప్పట్లు సంచిలో పెట్టుకొని బస్సెక్కాను.

మొదటిసారి అక్క ఆ పెద్ద ఫైలును దింపి పెన్‌డ్రైవులో వేసిచ్చింది, పాటలు వేసిచ్చినట్టు. తెచ్చి గుచ్చాను. కంప్యూటరు దాన్ని పట్టించుకోలేదు, ఎప్పటిలాగే తన పాత నీలం తెరే చూపించింది. ఫైలును ఊరికే కాపీ చేస్తే కాదని, దాన్ని పెన్‌డ్రైవు మీద పరిచి రాయడానికి వేరే ప్రోగ్రాము ఉంటుందని మళ్లీ లైబ్రరీలో చదివాను. మళ్లీ జమ్మలమడుగు. రెండోసారి సరిగ్గా రాయించుకొని వచ్చాను. స్విచ్చి వేసిన క్షణంలోనే ఒక మీట నొక్కి, లోపలి సెట్టింగుల్లోకి పోయి, ముందు పెన్‌డ్రైవు చూడు, తర్వాత నీ సొంత డిస్కు చూడు అని వరుస మార్చాలి. కన్నార్పితే ఆ క్షణం దాటిపోతుంది. తొమ్మిదోసారికి దొరికింది. నల్లటి తెరమీద తెల్ల అక్షరాల్లో ఒక్క వాక్యం వచ్చింది. ఈ రకం అరవైనాలుగు బిట్ల యంత్రాలకని, నీది ముప్పైరెండు బిట్లదని.

“మళ్లా వచ్చినావా” అంది సుభద్రక్క మూడోసారి నన్ను చూసి. “ఏమ్మే, బస్సు డ్రైవరును గాని ఇష్టపడినావా ఏంది, రోజూ వస్తాండావు? ఆ కంప్యూటరును సంకన పెట్టుకోని వచ్చేస్తే పోలా.” పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. నేను తలవంచుకొని, “ముప్పైరెండు బిట్లది కావల్ల అక్కా” అన్నాను. అక్క నవ్వు ఆపి నా మొహం చూసింది. ఆ రోజు నెట్టు నెమ్మదిగా ఉంది. అది దిగేంతవరకు తన కుర్చీ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించింది. “చిన్నాయనకు చెప్పినావా ఇదంతా” అని అడిగింది. బాగైనాక చెబుతానన్నాను. బైపాసు దాటి బస్సు పెన్న వంతెన ఎక్కేటప్పుడు పెన్‌డ్రైవు పిడికిట్లో ఉందో లేదో చూసుకున్నాను. ఆ ఇసుకా, దూరంగా చిన్న పాయగా నీళ్లూ ఇప్పటికీ కళ్లకు కడతాయి. అంత సంతోషంగా నేను ఆ వంతెన మళ్లీ ఎప్పుడూ దాటలేదు.

ఆ పెన్‌డ్రైవు కూడా పనిచేయలేదు. ముందువైపు రంధ్రంలో గుచ్చితే చిన్న గీత ఒకటి తెరమీద కొట్టుకుంటూ ఉండేది, అంతే. మూడు రోజులు అదే గీత. డైరీలో రోజూ రాసుకున్నాను. ఈరోజు ఫైలు మళ్లీ సరిచూశాను, సరిగానే ఉంది. ఈరోజు వేరే పెన్‌డ్రైవుతో చూశాను, అదే గీత. నాలుగో రోజు ఒక చోట చదివాను. పాత కంప్యూటర్లలో ముందువైపు రంధ్రాలు సన్నని తీగతో లోపలికి కలిపి ఉంటాయి, మొదలైనా ఎక్కువ చదవాల్సి వస్తే మధ్యలో తెగిపోవచ్చు, వెనక రంధ్రంలో గుచ్చి చూడండి అని. మా కంప్యూటరుకు వెనక రంధ్రాలు రెండే. ఒకటి పిడుగు పడిన ఏడాది పాడైంది. రెండోదానిలో లాకు ఉంది.

అప్పుడు నాయనకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, కస్టమరు చెప్పే వివరాలు విన్నట్టు. “లోపలున్నదంతా తుడిచేసి కొత్తది ఎక్కియ్యల్ల నాయనా. నీ కార్డుల ఫైళ్లన్నీ వేరే పెన్‌డ్రైవులోకి తీసిపెట్టినా” అన్నాను. “కార్డులు పోగూడదు మ్మా. ఆ కాలనీవోళ్ల ఊర్ల పేర్లన్నీ దాంట్లోనే ఉండాయి” అన్నాడు. పోవని చెప్పాను. “మరి తెలుగు?” అని నేనే అడిగాను. ఆయన తేలిగ్గా చెయ్యి ఊపాడు. “తెలుగు లాకులో ఉండాది గదా. నువ్వు ఎక్కించినాక మళ్లా గుచ్చుకుందాం. అంతా దాంట్లోనే ఉంటాదని డీలరు చెప్పలా?”

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆ ముందు రోజు నా డైరీలో ఒక వాక్యం రాసుకున్నాను. ఇప్పుడు కూడా తీసి చూస్తే ఉంది. “లాకులో అంత చోటు ఉంటుందా? సాఫ్టువేరు డిస్కులో కదా ఉండాలి? నాయనను అడగాలి.” అడిగాను, అంటే సగం అడిగాను. ఆయన అంత నమ్మకంగా చెప్పాక, కాదేమో నాయనా, ఇంకొకసారి డీలరుకు ఫోను చేసి కనుక్కుందాం అనడానికి నోరు రాలేదు. పెద్దవాళ్లు చెప్పినదానికి ఎదురు చెప్పలేకపోవడాన్ని ఇంట్లో అందరూ నా మంచితనం కింద జమకట్టేవాళ్లు. నేనూ అంతే అనుకున్నాను. అదీకాక, నాకు ఆ తెర వెలగడం చూడాలని ఉంది. మూడు సార్లు జమ్మలమడుగు పోయి వచ్చాను. ఇంకొక్క రంధ్రం దూరంలో ఉంది.

నాయన లాకుకు దండం పెట్టుకున్నాడు. “నువ్వే తియ్యి పాపా, నాకు చెయ్యి రాదు” అన్నాడు. నేను వెనక్కి వంగి పీకాను. అన్నేళ్లుగా కదలని వస్తువు కాబట్టి గట్టిగా పట్టుకొని ఉంది, ఊపి ఊపి లాగాల్సి వచ్చింది. వేళ్లకు కుంకుమ అంటింది. దాని స్థానంలో నా పెన్‌డ్రైవు గుచ్చి స్విచ్చి వేశాను. గీత రాలేదు. తెర వెలిగింది. లేత ఆకుపచ్చ రంగులో, చిన్న చిన్న బొమ్మలతో, శుభ్రంగా. “డిస్కు మొత్తం తుడిచి ఎక్కించమంటారా” అని అడిగింది. అవునన్నాను. ముప్పావుగంటలో అయిపోయింది. ఖాజా మామ కూడా వచ్చి నిలబడి చూశాడు. స్విచ్చి తీసి మళ్లీ వేస్తే, ఉగ్గానికి చెప్పులేసుకునేలోపల తెర వచ్చేసింది. “సుబ్బన్నా, నీ కోడలికి పాప మళ్లా పెండ్లి చేసింది” అన్నాడు ఖాజా మామ. నాయన నా తలమీద చెయ్యి పెట్టాడు. ఆ రోజు డైరీలో ఒకే మాట ఉంది. “అయింది.”

తర్వాత నాయన లాకును తన చొక్కాకు తుడిచి, పెన్‌డ్రైవు తీయించి, తనే వంగి గుచ్చాడు. కుర్చీలో సర్దుకొని కూర్చొని చేతులు కీబోర్డు మీద పెట్టి తెర వైపు చూశాడు. ఏమీ రాలేదు. కొంచెంసేపు ఆగాడు, కొత్తది కదా, తెలుసుకోవడానికి టైము పడుతుందేమోనన్నట్టు. లాకు తీసి ఊది మళ్లీ గుచ్చాడు. ఒక ఖాళీ పేజీ తెరిచి ఇచ్చాను. మూడు ఊర్ల పేర్లు కొట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్కలు కలగాపులగంగా పడ్డాయి. ఆయన వాటిని చూశాడు, నన్ను చూడలేదు. “శానా ఫాస్టుగా ఉండాది మ్మా” అన్నాడు. ఖాజా మామ ఏదో పని గుర్తొచ్చినట్టు గోడ అవతలికి వెళ్లిపోయాడు.

ప్రొద్దుటూరులో ఇద్దరు ముగ్గురిని అడిగాం. వాళ్ల దగ్గరున్నవన్నీ కొత్త రకాలు, మా లాకుకు తెరుచుకోవు. రెండు రోజులకు నాయనా నేనూ పులివెందుల పోయాం. లాకును రుమాలులో చుట్టి పైజేబులో పెట్టుకున్నాడు. దారి పొడవునా ఒక చెయ్యి జేబు మీదే. డీలరు షాపు సెల్‌ఫోన్ల షాపు అయింది. ఆయన నాయనను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. నాయన రుమాలు విప్పాడు. “ఇంగా ఇది పెట్టుకోనుండావా అప్పా? అద్దాల పెట్టెలో పెట్టి సూపియ్యల్ల దీన్ని” అని డీలరు నవ్వాడు.

“దీంట్లోది మళ్లా కంప్యూటర్లోకి ఎక్కియ్యల్ల” అన్నాడు నాయన.

“దీంట్లో ఏముంటాది సుబ్బన్నా? ఇది తాళంచెవి అంతే. అసలుది కంప్యూటర్లో గదా ఉండేది.”

“అంతా దీంట్లోనే ఉండాదని నువ్వే చెప్తివి.”

“పోగొట్టుకోకుండా ఉండల్లని అందరికీ అట్లనే చెప్తాంటి. ఏం, కంప్యూటరు పాడైందా?”

“లేదు. లోపల మార్చినాం. తుడిచేసినాం.”

డీలరు ఒక నిమిషం అర్థం కానట్టు చూసి, నావైపు తిరిగాడు. నా చేతిలో కాలేజీ నోటుబుక్కు ఉంది. “బీరువా తీసి పారేసి, తాళంచెవి తెచ్చినారా నా తావికి? పాప చేసిందా ఇదంతా? ఏం చదువుతాండావు పాపా, ఇంజనీరా?” అన్నాడు. నేను నేల చూశాను. గచ్చు మీద ఫోను కవరు ఒకటి పడి ఉంది, నీలం రంగుది. దాన్నే చూశాను.

“పాప కాదు” అన్నాడు నాయన. “పాప వద్దనే చెప్పింది. నేనే ఇనలేదు. నాకే తొందరెక్కువై తుడిపిచ్చినా.”

ఆయన నా కోసం అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే. డీలరు గొంతు తగ్గించాడు. ఆ పాత సీడీలు ఎప్పుడో పోయాయని, ఆ రకం ఇప్పుడు ఎవరూ చేయడం లేదని, కొత్తదానికి కొత్త కంప్యూటరే కావాలని చెప్పాడు. నాయన లాకును మళ్లీ రుమాలులో చుట్టుకున్నాడు. బస్టాండులో జామకాయలు కొని, ఉప్పూకారం అద్దించి నా చేతిలో పెట్టాడు. “సీసం పోయినప్పుడు నేర్చుకోలా? ఇప్పుడూ నేర్చుకుంటాలే. నువ్వు మనసులో పెట్టుకోవద్దు” అన్నాడు. ముద్దనూరు దాటేవరకు నేను కిటికీలోంచి బయటికే చూశాను. తిరిగి చూసేసరికి ఆయన నిద్రపోతున్నాడు. నిద్రలో కూడా మోకాలి మీద వేళ్లు కదులుతున్నాయి.

ఆయన ప్రయత్నించలేదని ఎవరూ అనలేరు. కొత్త సిస్టంలో తెలుగు వచ్చేలా నేను చేసిచ్చాను. కాని దాని మీటల వరుస వేరు. మళ్లీ ఒక పట్టీ రాసుకున్నాడు. కళ్లు ఆ పట్టీ మీద, వేళ్లు పాత చోట్ల మీద. ‘మ’ కోసం పోయిన వేలు అలవాటైన చోట దిగేది, తెరమీద ఇంకేదో పడేది. తన ఇంట్లో సామాన్లన్నీ ఎవరో జరిపేసినట్టు తడుముకునేవాడు. గంటలో అయ్యే కార్డుకు రెండు రోజులు పట్టేది. ఏడాది తిరక్కుండానే బట్టల అంగట్లో పనికి చేరాడు. కొనేవాళ్ల ముందు విప్పి పరిచిన చీరలను మళ్లీ మడతలు పెట్టే పని. “చేతులు ఊరికే ఉండలేవు గదా” అన్నాడు అమ్మతో. ఆయన మడత పెట్టిన చీర అంచులు కార్డు అంచుల్లా ఉండేవని ఆ అంగడివాళ్లు చెప్పుకునేవాళ్లట. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నేను కూడా ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్నేమో. డైరీలో రాసుకున్న ఆ వాక్యం గురించి చెప్పి ఉండేదాన్నేమో. పోయిన చలికాలంలో, చీర మడిచి పెడుతూ పక్కకు ఒరిగి పోయాడు. చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

ఇప్పుడు తెలుగు రాయడానికి ఎవరికీ ఏ లాకూ అక్కరలేదు. మా బళ్లో ఐదో తరగతి పిల్లలు ఫోనుతో మాట్లాడితే తెలుగు దానంతటదే పడుతుంది. తప్పు పడితే అదే దిద్దుకుంటుంది. మంచిదే. నేనూ అట్లాగే రాస్తున్నాను. కాని ఒక ఊరి పేరును పళ్లెం మీద, మంచం మీద, కూతురి పుస్తకాల సంచి మీద ఏడాదిపాటు కొట్టి కొట్టి సంపాదించుకున్న మనిషిని తెలిసినదాన్ని కాబట్టి, అక్షరం అంత సులువుగా వచ్చి పడినప్పుడల్లా నాకు ఎవరిదో తీసుకున్నట్టు ఉంటుంది.

ఖాజా మామ టీ పట్టుకొని లోపలికి వచ్చాడు. నేను లాకు వైపే చూస్తూ కింద కూర్చోవడం చూశాడు. “గదిని నేను యాల ఇంగొకరికి ఇయ్యలేదో తెలుసునా నీకు” అన్నాడు. “రోజూ పొద్దున్నే, బట్టల అంగడికి పొయ్యేముందు ఈడికొచ్చి అరగంట టకటక కొడతాండె మీ నాయన. నేను కార్డులేమో అనుకుంటి. ఒగనాడు అడిగితే, చేతులు మర్సిపోకుండా ఖాజా, అనె. అంతే.” ఆయనే ప్లగ్గు పెట్టి ఇచ్చి, మిషను దగ్గరికి పోయాడు.

కంప్యూటరు వెంటనే వెలిగింది. అదే లేత ఆకుపచ్చ తెర. అంత తొందర ఎవరి కోసమో. లోపల పేర్లు లేని ఫైళ్లు, ఒకటి, రెండు, మూడు అని అంకెలతో, కిందికి జరిపినకొద్దీ వస్తూనే ఉన్నాయి. మొదటిది తెరిచాను. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్కలు, అర్థం లేకుండా. రెండోది కూడా అదే. పాత తెలుగు సాఫ్టువేరు లేదు కాబట్టి, ఏ మీట నొక్కితే ఆ మీట మీదున్న గుర్తే పడింది. తెరమీద ఏం పడుతుందో ఆయన చూసి ఉంటాడు. అయినా కొట్టాడు. వెనక లాకు గుచ్చుకొని, కుర్చీలో సర్దుకొని కూర్చొని, రోజూ.

బల్ల అద్దం కింద మొదటినాటి పట్టీ అట్లే ఉంది. అద్దం ఉండడంతో చెదలు దాన్ని ముట్టలేదు. నాయన చేతిరాత, నీలం ఇంకు కొంచెం వెలిసింది. వేలు పెట్టి, తెరమీద ఒక్కో గుర్తు చూసి, పట్టీలో దాని తెలుగు అక్షరం వెతికి, పెదవులతో కూడబలుక్కున్నాను. మొదటి పేరు చదవడానికి చాలాసేపు పట్టింది. ప్రొద్దుటూరు. రెండోది తొందరగానే వచ్చింది. మూడోదానికి పట్టీ అవసరం లేకపోయింది. ప్రతి ఫైలులోనూ ఆ ఒక్క వరుసే, పేజీ నిండా. మధ్యాహ్నం దాటేవరకు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. చివరి ఫైలు ఆయన పోయిన రోజు పొద్దుటిది. అందులో కూడా ఒక్క ఒత్తు జారలేదు.

గోడ అవతల మిషను ఆగింది. “పనికొచ్చేదేమన్నా దొరికిందా బిడ్డా” అని ఖాజా మామ అక్కడి నుంచే అడిగాడు.

“నాయన ప్రూఫు మామా. సూస్తాండా” అన్నాను.

సంచిలోంచి డైరీ తీసి, ఆ మూడు ఊర్ల పేర్లు నా చేత్తో రాశాను. వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా చదివాను. తర్వాత కాగితం కుడి మూల, పెన్సిలుతో, చిన్న టిక్కు పెట్టాను.